నీళ్ళు కట్టమంటే

"ముందు నీల్లు కట్టీ మావా, నానొచ్చేస్తన్నాను" అంది ఈశ్వరి. అంతే, ఫోను ఆగిపోయింది. కోడలు శ్రీకాకుళం చేపల బజారులో ఉంది, చుట్టూ బేరాల గోల, ఆ గోలలోంచి ఆ ఒక్క ముక్కే నా చెవిన పడింది. కట్టమంది కదా, కట్టాను. ఇప్పుడు వంటగది గట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. కుడిచేతి బొటనవేలు ముడి మీద, ఎడమచేయి పైపు చుట్టూ, గడ్డం దాకా తడిసిపోయి, గ్యాసు బండకు భుజం ఆనించుకుని. సింకు దగ్గరికి వచ్చే తెల్ల ప్లాస్టిక్ పైపు, మోచేతిలా వంగిన చోట నిలువునా చీలింది. బుల్లమ్మకు మాత్ర వెయ్యాలని గ్లాసుతో నీళ్ళు పట్టి కొళాయి మూసాను, మూయగానే గట్టు కింద టప్పుమంది. వంగి చూద్దును కదా, నీరు ఎదుటి గోడకు వెళ్ళి కొడుతోంది. కొళాయి మూసే ఉంది, చీలింది కొళాయికి కిందన, మరి దేన్ని మూయాలి. గొంతు తగ్గించి ఈశ్వరికి ఫోను చేశాను, కట్టమంది. నూనె ప్యాకెట్టు కవరు చుట్టాను, దాని మీద పాత లుంగీ పీలిక చుట్టాను, దాని మీద వల అల్లే నైలాను తాడు బిగించి ముడేసాను. ఆ తాడు ఎప్పుడూ నా మొలలోనే ఉంటుంది, వేటకు వెళ్ళడం మానేసి ఎన్నేళ్ళయినా అది మాత్రం ఉంటుంది. గోడకు కొట్టే నీరు కాస్తా చేతుల మీంచి కారే నీరయింది. కానీ తడి ప్లాస్టిక్ మీద ముడి నిలవడం లేదు, పాములా జారుతోంది, వేలు పెట్టి నొక్కి ఉంచినంతసేపే కట్టు. వేలు తీస్తే మళ్ళీ మొదటికి. డాబా మీద ట్యాంకు తెల్లవారుజామునే నింపారు, నిండా ఉంది.

పక్క గదిలో బుల్లమ్మ ఉంది. నా భార్య. నా వీపుకీ ఆమె మంచానికీ మధ్య ఒక్క గోడ. తుంటి ఎముక విరిగి ఆపరేషను అయింది, లోపల కడ్డీ వేశారు, నేను చెప్పేదాకా ఆ కాలు నేల మీద పెట్టొద్దు, ఈసారి పడితే మళ్ళీ నిలబెట్టడం నా వల్ల కాదు అని డాక్టరు ఆమెతో కాదు, నాతో చెప్పాడు. పడింది కూడా ఈ ఇంట్లోనే. మా చినబాబు గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసి కట్టించిన ఇల్లు, అద్దంలాంటి పలకలు పరిపించాడు నేలంతా, అమ్మా నీ ముఖం సూసుకో అన్నాడు, అందులో ముఖం నిజంగానే కనిపించింది. ఆ పలకల మీద చెంబులోంచి తొణికిన కాసిన్ని నీళ్ళు, కంటికి కనబడనన్ని, వాటి మీద కాలు వేసింది, అంతే. సముద్రం ఒడ్డున ఒళ్ళంతా తడిసి నెత్తిన చేపల గంపతో అరవై ఏళ్ళు నడిచిన మనిషి. ఇసకలో జారలేదు, బురదలో జారలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చాక చినబాబు గడపలు కూడా తీయించేశాడు, చక్రాల కుర్చీ వెళ్ళడానికి అడ్డం అని. ఇప్పుడు వంటగదిలోంచి నడవలోకి, నడవలోంచి ఆమె గదిలోకి ఏ అడ్డమూ లేదు. నీరు చక్రాల కుర్చీలాగే తిన్నగా వెళుతుంది. వెళుతోంది. నాకు కనిపిస్తోంది, పలకల మీద పల్చగా, చప్పుడు లేకుండా, అంచు మాత్రం కాస్త మెరుస్తూ.

ఆమెకు తెలియకూడదు. నాకున్న ఆలోచన అదొక్కటే. ఇంట్లో నీళ్ళు పారుతున్నాయంటే బుల్లమ్మ మంచం మీద ఉండే మనిషి కాదు. పోయిన వారం నేను కునుకు తీస్తే లేచింది. కళ్ళు తెరిచేసరికి గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది, కిటికీ తలుపు వెయ్యడానికట, కిటికీ గట్టు మీది ఎండురొయ్యల్లో కాకులు పడుతున్నాయట. అప్పట్నుంచి పగలు కూడా ఆ గది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటున్నాను. వీధిలోకి కేకెయ్యవచ్చు, పక్కింటి కూర్మమ్మ ఒడ్డున చేపలు ఎండేస్తూ ఉంటుంది, కానీ ఆ కేక కూర్మమ్మకు వినబడేలోపు బుల్లమ్మకు వినబడుతుంది. అందుకని కేకెయ్యకుండా, దగ్గు వచ్చినా నోట్లోనే దగ్గుకుంటూ, ఇలా కూర్చున్నాను. ఈశ్వరి ఆటో ఎక్కి వస్తుంది. వచ్చేదాకా పట్టుకోవడమే కదా. చుక్కాని పట్టుకుని ఇంతకంటే ఎక్కువ సేపు కూర్చోలేదా ఏం.

"బావా" అంది గోడ అవతలినుంచి. బుల్లమ్మ మా మేనమామ కూతురు, పెళ్ళికి ముందు బావే, తర్వాతా బావే.

"ఏటే?"

"ఏటా సప్పుడు?"

"ఏటీ లేదు. గిన్నెలు కడుగుతన్నాను."



"నువ్వా?"

"నానే. ఏం, కడగకూడదేటి?"

"కడుగు, కడుగు. ఇన్నాల్లకి."

కట్టమంది ఈశ్వరి. కట్టడం నాకు తెలియనిదా. మా పని అంతా కట్టడమే కదా. వల కడతాం, వలకి గుండ్లు కడతాం, బెండ్లు కడతాం, తెప్ప దుంగలు కడతాం, తెరచాప కడతాం, పడవ అయితే మేకు లేకుండా మొత్తం తాడుతోనే కట్టేవాళ్ళం. ఒడ్డుకి వచ్చాక పడవని గుంజకి కడతాం. పొద్దున్నే నడుముకి గుడ్డ కడతాం. మనిషిని కూడా కట్టుకుంటామనే అంటాం, మా మావ కూతుర్ని కట్టుకున్నాను అని. విరిగిన ఎముకకు కట్టు కడతాం. ఒక్క నీటిని మాత్రం ఎవరైనా కడతారా అని చిన్నప్పుడు నాకు భలే నవ్వు వచ్చేది. బుల్లమ్మ పెళ్ళయిన కొత్తలో శ్రీకూర్మం పక్క పల్లెలకి ఎండుచేపలు తీసుకెళ్ళి ధాన్యానికి మార్చుకొచ్చేది. అక్కడ తిరుమలరావు అని ఒక రైతు ఉండేవాడు, అతని ఇంటికి వెళితే, మా ఆయన లేడు, మడికి నీళ్ళు కట్టడానికి వెళ్ళాడు అందట ఆ ఇల్లాలు. ఇంటికొచ్చి నాకు చెప్పింది బుల్లమ్మ, నీటికి తాడేసి గుంజకి కడతారు కామోసు బావా అని, ఇద్దరం నవ్వుకున్నాం. కట్టడం అంటే వాళ్ళ భాషలో మడిలోకి నీళ్ళు వదలడమని తర్వాత ఎప్పటికో తెలిసింది. వాళ్ళు వదలడాన్ని కట్టడం అన్నారు. ఇప్పుడు నేను నిజంగానే నీటికి తాడేసి కూర్చున్నాను. వేలు తిమ్మిరెక్కుతోంది. కాస్త జరిపి వేలి పక్కభాగంతో నొక్కాను, ఆ జరిపిన రెప్పపాటులోనే ముఖాన కొట్టింది, చల్లగా, ముక్కులోకి. ఉప్పు లేదు. నీరు ముఖాన కొట్టి ఉప్పగా లేకపోవడం అన్నది ఈ వయసులో కూడా కొత్తగానే ఉంది నాకు.

మంచినీళ్ళు. వంశధార కడలిలో కలిసే చోట మా ఊరు, ఎటు చూసినా నీరే, తాగడానికి మాత్రం ఇసకలో చెలమ తీసి చిప్పతో తోడుకోవాలి. మా అమ్మ తోడేది. చిప్ప నిండడానికి ఎంతసేపు పట్టేదో, ఆ ఊరుతున్న నీటినే చూస్తూ కూర్చునేది, మాట్లాడేది కాదు, మాట్లాడితే నీరు బెదిరిపోతుందన్నట్టు. ఎక్కువ లోతు తవ్వితే ఉప్పు తగులుతుంది. ఎక్కడ ఆపాలో ఆమె చేతికి తెలుసు. తిత్లీ తుఫానప్పుడు కరెంటు లేక, మోటార్లు లేక, బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం రోడ్డు మీద కూర్చున్నాం, అప్పుడు మళ్ళీ ఆ చెలమలు గుర్తొచ్చాయి, కానీ ఎవరికీ ఎక్కడ తవ్వాలో గుర్తులేదు. ఆ తర్వాతే చినబాబు బోరు వేయించి డాబా మీద నల్ల ట్యాంకు పెట్టించాడు. కొళాయి తిప్పితే వంటింట్లోకి నీరు. బుల్లమ్మ మొదటిరోజు కొళాయి కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది, చాలులేవే అంటే, ఉండు బావా, ఇది ఆగుతాదేటో సూద్దామని అంది. ఇదిగో, ఇప్పుడు చూడొచ్చు. ఆగదు.

"బావా, సబ్బెక్కడుందో తెల్సా?"

"ఎందుకే సబ్బు?"

"గిన్నెలకి."

"బూడిదతో తోముతన్నాను" అన్నాను.

"గేసు పొయ్యింట్లో బూడిదెక్కడిది బావా?"

"దొరికిందిలే, నువ్ పడుకో."

"పడుకునే ఉన్నాను. పడుకోక ఏటి సేస్తాను."

అబద్ధానికి కథ కట్టడం నాకు రాదు. చూశారా, దాన్ని కూడా కట్టడమే అంటాం. మా నాన్న దగ్గర పడవ పని నేర్చుకున్నప్పుడు ఒకటే చెప్పేవాడు, లోపలివాడు బయటివాడికి అబద్ధం చెప్పకూడదు అని. పడవ కుట్టేటప్పుడు పలకకి ఇవతల ఒకడు, అవతల ఒకడు ఉండాలి. పలకల అంచుల్లో బెజ్జాలు, వాటిలోంచి కొబ్బరితాడు లోపలివాడు దూరిస్తే బయటివాడు అందుకుని లాగి, గడ్డి పెట్టి, మళ్ళీ లోపలికి దూర్చాలి. ఒకడి ముఖం ఒకడికి కనబడదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తాడు పట్టుకుని ఇద్దరూ, మధ్య పలక. బిగిసిందా అని బయటివాడు అడగడు, పలక మీద వేలితో కొడతాడు, బిగిస్తే తిరిగి ఒకసారి కొట్టాలి, బిగియకపోతే ఊరుకోవాలి. బిగియకుండా కొట్టావా, ఆ కుట్టు దగ్గరే సముద్రంలో నీళ్ళు వస్తాయి. నీళ్ళు వస్తే తోడుకోవడమే, వేటంతసేపూ ఒకడు తోడుతూనే ఉండాలి. అయినా ఆ నీరు బయటినుంచి లోపలికొచ్చే నీరు. నీరంటే నాకు తెలిసింది అదే, బయట ఉంటుంది, లోపలికి రావాలని చూస్తుంది, రాకుండా దోపుకోవాలి. ఇది లోపలినుంచి బయటికి వచ్చే నీరు. ఇల్లే బయట అయిపోయింది దీనికి. నేనేమో పడవకి చేసినట్టే చేశాను, చిల్లు కనబడగానే గుడ్డ దోపాను, తాడు బిగించాను. బిగిసిందా అని అడిగితే ఏం కొట్టాలి నేను. ఊరుకోవాలి.

గట్టు కిందనుంచి చూస్తే ఇల్లు వేరేగా ఉంది. కూరల బుట్ట అడుగు కనబడుతోంది, నడవలో కుర్చీల కాళ్ళు కనబడుతున్నాయి, ఎప్పుడో పోయిందని ఈశ్వరి వెతికిన చెంచా ఫ్రిజ్జు కింద ఉంది. తాబేలుకి లోకం ఇలాగే ఉంటుంది కాబోలు. శ్రీకూర్మం స్వామి కొండని వీపున మోస్తూ నీళ్ళలో కదలకుండా కూర్చున్నాడంటారు, ఆయనకీ మోకాళ్ళు ఇలాగే లాగి ఉంటాయి, ఆయనకైతే దేవతలు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. నా వెనక గోడ. నీరు నడవ దాటింది. నా చాప కింద దూరింది, బుల్లమ్మ గుమ్మానికి అడ్డంగా వేసిన చాప, దాని అంచు నల్లబడుతోంది, నల్లబడుతూ నల్లబడుతూ అవతలి అంచుకు వెళుతోంది. చాప కాస్తయినా పీల్చుకుంటుంది అనుకున్నాను. చాప ఎంత పీల్చుకుంటుంది. ఆ అవతల ఆమె గది, మంచం, మంచం కింద చెప్పులు, ఎత్తుపీట, నీళ్ళ చెంబు. ఇంకా ఏమున్నాయో తలుచుకుంటున్నాను కానీ బుర్ర మంచం దగ్గరే ఆగిపోతోంది. ఆ మంచం మీంచి ఒక పాదం కిందికి దిగడం, ఆ పాదానికి పలక చల్లగా తగలడం, ఆ మీద నేను ఆలోచించను. ముడి మీద వేలు ఇంకా గట్టిగా నొక్కుతాను. నొక్కితే నీరు తగ్గుతోందా అంటే తగ్గడం లేదు, నాకు మాత్రం తగ్గినట్టుంది.

పడిన రోజున ఆమె అరవలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నేను అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాను, లోపల గంప పెట్టినట్టు ఒక చప్పుడు, అంతే. ఎంతసేపటికో, బావా, ఓపాలి రా అని పిలిచింది, మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు. వెళ్ళి చూస్తే నేల మీద ఉంది. కాలు ఎటో తిరిగి ఉంది. ఎందుకే అరవలేదు అంటే, అరిస్తే నువ్వు పరుగెట్టుకొచ్చి నా మీద పడతావు గదా అంది. ఆటోలో ఆసుపత్రి దాకా ఆమె తల నా ఒళ్ళో ఉంది, గతుకు వచ్చినప్పుడల్లా నా చెయ్యి పిసికేది, నోటితో మాత్రం డ్రైవరుకి దారి చెబుతోంది, ఈ పక్క గొయ్యుంది బాబూ, ఆ మలుపులో ఆవులుంటాయి బాబూ అని. ఆ రోడ్డంతా ఆమె గంపతో నడిచిందే. ఆమెకు భయం లేదు. పెళ్ళినాటినుంచి ఆ భయం అంతా నేనొక్కడినే పడుతున్నాను, ఇద్దరి వాటా. నేను వేటకు వెళితే ఒడ్డున నిలబడి సముద్రం చూసే ఆడవాళ్ళలో ఎప్పుడూ ఆమె లేదు. ఆ టైముకి ఆమె ఏ ఊళ్ళోనో బేరం చేస్తూ ఉండేది. నువ్వు రాకపోతే అప్పుడు సూద్దును అనేది.

అంతట్లో గదిలో చప్పుడు ఆగిపోయిందని తెలిసింది. ఏ చప్పుడు ఆగిందో ముందు తెలియలేదు. ఫ్యాను. ఆమె మంచం పక్క పీట మీద చిన్న ఫ్యాను ఉంటుంది, దాని రొద పొద్దున్నుంచీ నా చెవిలో ఉంది కాబట్టి వినబడలేదు, ఆగాక వినబడింది. కరెంటు పోలేదు, ఫ్రిజ్జు మోగుతూనే ఉంది. ఫ్యాను వైరు ప్లగ్గులుండే పొడుగు పెట్టెలోకి వెళుతుంది, ఆ పెట్టె నేల మీద ఉంటుంది. మంచం కింద ఇంకా ఏమున్నాయా అని తలుచుకుంటే ఇందాక ఆ పెట్టె గుర్తుకు రాలేదు. తర్వాత మంచం కిర్రుమంది. ఒకసారి. మళ్ళీ ఒకసారి, ఇంకా పొడుగ్గా, బరువు అంచుకి వచ్చినప్పటి కిర్రు. ఏదో నేల మీద ఈడ్చిన చప్పుడు.

"బుల్లీ" అన్నాను. పలకలేదు. "ఒసే బుల్లీ, లెగకే."

వేలు తీసేశాను. ముడి జారిపోయింది, పీలిక ఊడి కొట్టుకుపోయింది, నీరు వీపు మీద గుద్దింది, వెనక్కి చూడలేదు. గట్టు అంచు పట్టుకుని లేచాను. పడవలో నడిచినట్టు నడిచాను, కాళ్ళు ఎడంగా పెట్టి, పాదం ఎత్తకుండా నేల మీద రాస్తూ, రెండు చేతులూ గోడకి. పరుగెత్తాలని ఒళ్ళంతా అంటోంది, పరుగెత్తకూడదని పాదాలు అంటున్నాయి. గుమ్మం ఎంత దూరం. చాప మీద కాలు వేస్తే చప్ మని నీరు పైకొచ్చింది.

"ఆగు. అక్కడే ఆగు. లోపలికి రాకు" అంది బుల్లమ్మ.

ఆమె నిలబడి లేదు. మంచం అంచుకి ఒరిగి, ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని, ఇంకో చేత్తో చేతికర్ర తిరగేసి పట్టుకుని ఉంది. ముందే ఫ్యాను ఆపేసి, కర్ర వంపుకి దాని వైరు తగిలించి, గాలానికి పడ్డ చేపని లాగినట్టు ఆ పెట్టెని నేల మీంచి పైకి లాగుతోంది. పెట్టె గాలిలో వేలాడుతోంది, కిందనుంచి చుక్కలు కారుతున్నాయి. గదంతా నీళ్ళే. ఆమె చెప్పులు రెండూ నా దగ్గరికి తేలుతూ వచ్చేశాయి.

"మెయిను కట్టీ బావా ముందు. వీధి తలుపు పక్కనుంది. సెక్క మీద నిలబడి కట్టు. తడి సేత్తో ముట్టుకోకు."

కట్టీ అంటే ఆపేయమని ఈసారి సరిగ్గానే అర్థమైంది. వీధి గుమ్మం దగ్గర పొడిగానే ఉంది. పీట వేసుకుని ఎక్కి, తుండుగుడ్డ లోపలి మడతతో చెయ్యి తుడుచుకుని, ఎండిన కర్రముక్కతో మీట కిందికి కొట్టాను. ఫ్రిజ్జు ఆగింది. మళ్ళీ గోడ పట్టుకుని వచ్చేసరికి ఆమె పెట్టెని పరుపు మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని, వెనక్కి ఆనుకుని, రొప్పుతోంది. పాదాలు రెండూ మంచం మీదే ఉన్నాయి. మొదట అవే చూశాను.

"అయిపోనాయా గిన్నెలు?" అంది.

"పైపు పగిలిందే" అన్నాను.

"తెల్సు."

"ఎప్పట్నించి తెల్సు?"

"నువ్ గిన్నెలు కడుగుతన్నానన్నప్పట్నించీ. నువ్వెప్పుడు గిన్నెలు కడిగీవోడివి?" ఊపిరి తీసుకుంది. "ఈశ్వరికి ఫోను సేసినావా?"

"సేసినాను. నీల్లు కట్టీ అంది."

"మరి కట్టలేదేటి?"

"కట్టినాను గాదేటి. పీలిక సుట్టి, వల తాడుతో మూడు సుట్లేసి కట్టినాను. జారిపోయింది."

నా ముఖంలోకి చూసింది. తర్వాత మంచం ఊగడం మొదలైంది. ఏమైందోనని దగ్గరికి వెళితే నవ్వుతోంది, చప్పుడు లేకుండా, కళ్ళంట నీళ్ళు కారేలా, తుంటి మీద చెయ్యి వేసుకుని, నొప్పెడుతోంది నవ్వించకు అన్నట్టు ఇంకో చెయ్యి ఊపుతూ. "తాడుతోనా" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. "నీల్లకి తాడేసినావా బావా." నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది.

"వాలు కట్టీమంది బావా ఆ పిల్ల. పెరటి గోడకి ఎర్ర పిడుంది సూడు, గంపల యెనకాతల. రోజూ నువ్ వల తగిలిస్తావే, అది. దాన్ని బండి సెక్రంలాగ తిప్పు, తిరగనంత దాకా."

వాల్వు అంటే అదా. దాన్ని మేకు అనుకున్నాను ఇన్నాళ్ళూ, వల తగిలించుకోవడానికి చినబాబు పెట్టించాడనుకున్నాను, మంచి ఆలోచన అని ఒకసారి మెచ్చుకున్నాను కూడా, వాడేమీ అనలేదు. గంపలు జరిపి, వల తీసి, తిప్పాను. బిగుసుకుపోయింది, ఉప్పుగాలికి. రెండు చేతులా పట్టుకుంటే కదిలింది. ఇంట్లో నీటి చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. అప్పుడు సముద్రం వినబడింది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది అది.

లోపలికి వచ్చి ఆమె పాత చీరలు రెండు తీసి నేల మీద పరిచాను, కాళ్ళతో తొక్కుతూ ఉంటే పీల్చుకున్నాయి, బకెట్లోకి పిండి మళ్ళీ పరిచాను. ముందు వంటిల్లు తుడవాలి, నీరెక్కువ అక్కడే ఉంది, కానీ మంచం దగ్గరనుంచి మొదలుపెట్టాను. చీర పిండుతూ అడిగాను.

"తెలిసినప్పుడు నన్ను పిలవలేదేటే?"

"పిలిస్తే నువ్ పరుగెట్టీవోడివి. ఈ పలకల మీద నువ్వూ పడితే ఏటి గతి? కూకోనీలే అనుకున్నాను. గిన్నెలని అబద్దాలు సెప్తన్నంతసేపు కూకునే ఉన్నావు గదా అని."

"నానేటనుకున్నానో తెల్సా? నీకు తెలిస్తే లెగిపోతావనుకున్నాను."

కిటికీలోంచి ఒడ్డున ఎండేసిన చేపల మీద కాకులు కనబడుతున్నాయి, ఆమె వాటినీ చూడటం లేదు. నేల చూస్తోంది. నేను తుడిచిన మేరంతా పలకలు మసకగా, తుడవని మేరంతా అద్దంలా ఉన్నాయి, ఆ అద్దంలో కిటికీ, మంచం, మంచం అంచున ఆమె ముఖం తలకిందులుగా. మంచం చుట్టూ తుడిచాను. గుమ్మం దాకా తుడిచాను. మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ, పొడిగుడ్డ మార్చుకుంటూ, పలకకీ పలకకీ మధ్య సందుల్లో కూడా వేలు పెట్టి తుడిచాను. కిటికీలోంచి గాలి వస్తోంది, ఎండ కూడా వచ్చి పడింది, గది ఆరిపోతోంది. ఇంక వంటింట్లోకి వెళతానని లేచాను.

"బావా" అంది. "అక్కడ ఇంకా తడుంది."

"ఎక్కడే?"

"మంచం కాలికాడ. మెరుస్తన్నాది సూడు."

వంగి చూశాను. అరచెయ్యి పెట్టి రాసి చూశాను, చెయ్యికి ఏమీ అంటలేదు. తుడిచాను.

"ఇటు కూడా. నా కాలు కిందికొచ్చీ సోట."

అక్కడా పొడిగానే ఉంది. తల ఎత్తి ఆమె వైపు చూశాను. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, చీర కుచ్చెళ్ళు పాదాల మీదికి లాక్కుని, నేనెక్కడ తుడవడం ఆపేస్తానో అన్నట్టు నా చేతినే చూస్తోంది. అరవై ఏళ్ళలో ఆ చూపు నేను చూడలేదు. ఎండ పడి వెచ్చబడిన పలక మీద పొడిగుడ్డ వేసి మళ్ళీ తుడిచాను, నెమ్మదిగా, ఆమె చాలు అనేదాకా.